పిల్లి మీద మోపిన నేరం

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఈ మధ్య నేనొక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పింది కాదు. చిన్నప్పుడెప్పుడో ఆదివారం అనుబంధంలో వింతలూ విశేషాల కింద చదివి, అప్పట్నుంచీ నిజమని నమ్ముతూ వచ్చిన కథ. కానీ దాన్ని ఒక నోరులేని జీవి మీద సాక్ష్యంగా వాడాను. అందుకే ఇక్కడ దిద్దుకుంటున్నాను.

జరిగింది ఇదీ. మా సెల్లార్లో ఒక బూడిదరంగు పిల్లి చేరి, జనరేటర్ గది వెనక పిల్లల్ని పెట్టింది. రెండో అంతస్తు వాళ్ల బాల్కనీలో గూడు కట్టుకున్న బుల్‌బుల్ పిట్టను ఒకరోజు నోట కరుచుకుని మెట్లు దిగిపోతుంటే నలుగురూ చూశారు. ఇక వాట్సాప్ గ్రూపులో రెండ్రోజులు అదే గొడవ. మునిసిపాలిటీ వాళ్లకు పట్టిద్దామని కొందరు. ఒకాయన ఇంకో ఉపాయం కూడా చెప్పాడు, అది రాయను. మీటింగులో నేను లేచి, నాలుగు పుస్తకాలు చదివినవాణ్నన్న ఊపులో, "న్యూజిలాండ్‌లో ఒక దీవి మీద లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకున్న పిల్లి, ఒకే ఒక్క పిల్లి, ఒక పక్షి జాతిని మొత్తం తినేసింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి అది. తేలిగ్గా తీసుకోకండి" అన్నాను. అందరూ ఒక్క క్షణం గమ్మునైపోయారు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

పిల్లికి రోజూ పెరుగన్నం పెట్టే పై అంతస్తు పెద్దావిడ మాత్రం, "పిచ్చుకలు పోయింది పిల్లి వచ్చాక కాదండీ. గృహప్రవేశం అయిన దగ్గర్నుంచీ టెర్రస్ మీద నూకలు చల్లుతున్నా, ఒక్కటీ వాలలేదు" అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఫ్లాట్‌కి వచ్చాక, గ్రూపులో పెడదామని ఆ కథ వెతకడం మొదలుపెట్టాను. రాత్రి ఒంటిగంట దాకా లేవలేదు. తెల్లారేసరికి గ్రూపులో పెట్టడానికి మొహం చెల్లలేదు.

ముందు ఆ చోటు గురించి. న్యూజిలాండ్ ఉత్తర దీవికీ దక్షిణ దీవికీ నడుమ ఉన్న సముద్రం కుక్ జలసంధి. అందులో ఒక చిన్న కొండలాంటి దీవి ఉంది. అక్కడి మూలవాసులైన మావోరీలు దాన్ని తకాపౌరేవా అంటారు. 1770లో కెప్టెన్ కుక్ అటుగా వెళ్తూ బ్రిటిష్ నౌకాదళ కార్యాలయంలో కార్యదర్శిగా ఉన్న ఫిలిప్ స్టీఫెన్స్ పేరు పెట్టాడు. అలా స్టీఫెన్స్ ఐలాండ్ అయింది. విస్తీర్ణం 150 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 370 ఎకరాలు. మా తాతగారి ఊరి చెరువు కింద ఆయకట్టే అంతకంటే ఎక్కువ.

ఆ 370 ఎకరాల్లో 19వ శతాబ్దం చివరిదాకా నేల మీద తిరిగే ఎలకలు లేవు, పిల్లులు లేవు, ముంగిసలు లేవు. న్యూజిలాండ్ మొత్తానికే మనుషులు రాకముందు గబ్బిలాలు తప్ప నేల మీద పాలిచ్చే జంతువులు లేవు. తొండలా కనిపిస్తూ తొండ కాని టువటారా అనే సరీసృపం, అరచేతిలో సగం పట్టే కప్పలు, పెద్ద పెద్ద పురుగులు, వాటి మధ్య పిచ్చుక కంటే చిన్న పిట్ట ఒకటి, ఇప్పుడు స్టీఫెన్స్ ఐలాండ్ రెన్ అంటున్నది. పది సెంటీమీటర్లు. ఆలివ్ రంగు కలిసిన గోధుమ ఈకలు, కంటి మీదుగా సన్నటి పసుపు గీత, ఈకల అంచులు ముదురుగా ఉండటంతో ఒళ్లంతా పొలుసులు పేర్చినట్టు ఉండేది. రెక్కలు పొట్టివి. ఎగరలేదు. కాళ్లు మాత్రం గట్టివి.

ఎగరలేని పక్షి అనగానే మనకు ఉష్ట్రపక్షి, పెంగ్విన్ గుర్తొస్తాయి. కాకి, పిచ్చుక, గోరింక ఇవన్నీ కొమ్మను కాలివేళ్లతో పట్టుకుని కూర్చునే పక్షుల వర్గం. ప్రపంచంలోని పక్షుల్లో సగానికి పైగా ఈ వర్గమే. అందులో ఎగరడం మానేసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా దొరకవు, అవి కూడా దీవుల మీద పుట్టి దీవుల మీదే పోయినవి. ఈ పిట్ట వాటిలో ఒకటి. పైగా దీని కుటుంబం చాలా పాతది. మిగతా కొమ్మపిట్టలన్నీ ఒక శాఖ అయితే ఈ న్యూజిలాండ్ చిన్ని పిట్టలు మొదట్లోనే చీలిపోయిన రెండో శాఖ. అందులో ఇప్పటికి రెండు జాతులు మాత్రమే మిగిలాయి.

1890ల మొదట్లో దీవి మీద లైట్‌హౌస్ పని మొదలైంది. అడవి కొట్టి దారి వేశారు, సామాను పైకి లాగడానికి పట్టాలు వేశారు, ఇళ్లు కట్టారు. 1894 జనవరి 29న దీపం వెలిగింది. దీపం అవసరం లేదని నేననను. ఆ జలసంధి ఓడలకు యమగండం. 1909లో పెంగ్విన్ అనే స్టీమర్ అక్కడే మునిగి 75 మంది చనిపోయారు. కాబట్టి ఎవరో బుద్ధిలేక దీవిని పాడుచేశారన్నంత సులువు కాదు ఇది.

దీపంతో పాటు కాపలాదారుల కుటుంబాలు వచ్చాయి. వాళ్ల పశువులు వచ్చాయి. వాటి మేత కోసం ఇంకాస్త అడవి పోయింది. పిల్లులూ వచ్చాయి. కడుపుతో ఉన్న పిల్లి ఒకటి తప్పించుకుని అడవిలో పడి ఉండాలి, అక్కణ్నుంచే సంతతి మొదలై ఉండాలి అంటారు. ఆ ఏడాది మధ్యలో, సహాయ కాపలాదారు డేవిడ్ లయల్ ఇంటికి పిల్లి చచ్చిన పిట్టల్ని తేవడం మొదలుపెట్టింది.

లయల్ కథలో మనకు చెప్పేది "ఒక మూర్ఖుడు, వాడి పిల్లి" అని. అది అన్యాయం. పక్షుల మీద ఆసక్తి ఉన్న మనిషి. పిల్లి తెచ్చిన పిట్ట తానెరిగినవాటిలో లేదని గుర్తుపట్టాడు. పారేయకుండా చర్మం ఒలిచి దాచాడు. ఒకటి సర్కారు స్టీమర్ హినెమోవాలో ఇంజనీరుగా ఉన్న బెథూన్ చేతుల మీదుగా వాల్టర్ బుల్లర్‌కు చేరింది. న్యూజిలాండ్ పక్షుల గురించి ఆనాడు ఆయన మాటే మాట. చూడగానే కొత్త జాతి అని తేల్చి, బొమ్మ గీయించడానికి లండన్ పంపాడు. లయల్ లేకపోతే ఆ పిట్ట ఎవరికీ తెలియకుండా పోయేది. ఇప్పుడు మనం బాధపడుతున్నామంటే ఆ బాధ కూడా ఆయన పెట్టిన భిక్షే.

ఇక్కడ కథలోకి డబ్బు వస్తుంది. వింతలు విశేషాల కాలమ్ వాళ్లు ఈ ముక్క ఎప్పుడూ వదిలేస్తారు.

వెల్లింగ్టన్‌లో హెన్రీ ట్రావర్స్ అని ఒకాయన. పక్షుల చర్మాలు, అరుదైన జీవుల నమూనాలు కొని అమ్మేవాడు. లయల్ దగ్గరున్న పిట్టల గురించి ఆయనకు తెలిసింది. బుల్లర్‌కు ఇస్తే పేరొస్తుంది, లండన్‌లో ఇంకొకాయనకు అమ్మితే డబ్బొస్తుంది. ఆ ఇంకొకాయన వాల్టర్ రోత్‌షైల్డ్. బ్యాంకుల వంశం, అప్పటికి ఇరవయ్యారేళ్లు, ట్రింగ్ అనే ఊళ్లో సొంత మ్యూజియం. జీబ్రాలు కట్టిన బండిలో లండన్ వీధుల్లో తిరిగిన మనిషి. ట్రావర్స్ ఆయనకు తొమ్మిది పిట్టల్ని అమ్మాడు. తొమ్మిది. ప్రపంచంలో ఈనాడు ఆ జాతివి ఉన్న నమూనాలన్నీ కలిపి పదిహేను పైచిలుకే.

ఒకే పిట్టకు పేరు పెట్టడానికి ఇద్దరు పెద్దమనుషుల పరుగు. బుల్లర్ వ్యాసం అచ్చుకు సిద్ధమవుతుండగానే, 1894 డిసెంబర్లో రోత్‌షైల్డ్ ముందుగా ప్రకటించేశాడు. ఎవరు ముందు అచ్చు వేస్తే వాళ్ల పేరే నిలుస్తుందన్నది శాస్త్రంలో నియమం. బుల్లర్‌కు ఒళ్లు మండింది, తర్వాత చాలాకాలం ఆ మంట చల్లారలేదు. రోత్‌షైల్డ్ పెట్టిన పేరు ట్రావర్సియా లయల్లి. గమనించారా, ఇంటిపేరు స్థానంలో అమ్మినవాడు, సొంత పేరు స్థానంలో దొరకబుచ్చుకున్నవాడు. నిజంగా పట్టి తెచ్చిన దానికి ఏమీ లేదు. ఆ పిల్లికి టిబిల్స్ అన్న పేరు కూడా తర్వాత కథలు చెప్పినవాళ్లు తగిలించిందే.

ఈ లోగా అక్కడ దీవి మీద ఏమవుతోందంటే, పిట్టలు కనిపించడం మానేశాయి. 1895 మొదట్లో ట్రావర్స్ స్వయంగా వెళ్లి వెతికాడు. పిట్టను కాపాడదామని కాదు, ఇంకొన్ని పట్టి అమ్ముదామని. ఒక్కటీ దొరకలేదు. ఆ మార్చి 16న క్రైస్ట్‌చర్చ్‌లోని ద ప్రెస్ పత్రిక ఒక వ్యాఖ్య వేసింది. ఈ పిట్ట ఇక లేనట్టేననీ, నాశనం చేయడంలో ఇదొక రికార్డు కావచ్చనీ రాసింది. ఇకమీదట అరుదైన పక్షులున్న దీవులకు వెళ్లే లైట్‌హౌస్ ఉద్యోగుల్ని పిల్లుల్ని తీసుకెళ్లనివ్వకూడదనీ, కావాలంటే ఎలకల బోన్లు సర్కారు ఖర్చుతో ఇప్పించాలనీ కూడా సలహా ఇచ్చింది. చదివితే నవ్వొస్తుంది. కానీ ఈ వ్యవహారం మొత్తంలో పనికొచ్చే మాట ఎవరైనా అన్నారంటే ఆ విలేకరే అన్నాడు. పిల్లిని తిట్టలేదు, పిల్లిని పంపిన శాఖకు చెప్పాడు.

సరే, ఒక్క పిల్లి అన్నది అబద్ధం అని ఎలా తెలుసు? 2004లో రాస్ గాల్‌బ్రెత్, డెరెక్ బ్రౌన్ అనే ఇద్దరు పాత ఉత్తరాలు, లైట్‌హౌస్ రికార్డులు తిరగేసి తారీఖులు పేర్చారు. పిల్లులు అడవిలో పడి పెరిగిపోయాయనీ, పక్షులన్నిటినీ నాశనం చేస్తున్నాయనీ లయల్ స్వయంగా రాశాడు. పిల్లులు, బహువచనం. 1890ల చివర్లో వచ్చిన కొత్త కాపలాదారు కొద్ది నెలల్లోనే వందకు పైగా అడవి పిల్లుల్ని కాల్చానని చెప్పాడు. అయినా అయిపోలేదు. దీవి మీద పిల్లి లేకుండా పోవడానికి 1925 దాకా పట్టింది. పిట్ట కూడా ఒక్క సీజన్లోనే మాయం కాలేదు, ఆ తర్వాత కొంతకాలం అక్కడక్కడా మిగిలే ఉండొచ్చని వాళ్లు చూపించారు. పిట్టతో పాటు పియోపియో అనే ఇంకో పక్షి, ఆ దీవికే పరిమితమైన రకం, అదీ పోయింది. దాని గురించి ఎవరూ కథ చెప్పరు. ఎందుకంటే దానికి ఒక్క పిల్లి కథ కుదరదు.

ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. ఈ పిట్ట అసలు ఆ ఒక్క చిన్న దీవి పిట్ట కాదు. న్యూజిలాండ్ రెండు పెద్ద దీవుల్లోనూ గుహల్లో దీని ఎముకలు దొరికాయి. గుడ్లగూబలు మింగి కక్కేసిన ఉండల్లో. అంటే ఒకప్పుడు దేశమంతటా ఉండేది. సుమారు 700 ఏళ్ల కింద పాలినేషియన్లు పడవల్లో వచ్చారు, వాళ్లతో కియోరే అనే చిన్న ఎలక వచ్చింది. గూళ్లు నేలకు దగ్గరగా, ఎగిరిపోవడానికి రెక్కలు లేవు. ఎలకలు చేరిన చోటల్లా పిట్ట పోయింది. ఎలక ఈదలేనంత దూరంలో, ఏ పడవా ఎలకను దించని ఆ 370 ఎకరాల్లో మాత్రం మిగిలింది. 1894లో పిల్లి నోట్లో కనిపించింది ఒక దేశపు పిట్టల్లో ఆఖరి గుప్పెడు.

మన దగ్గర పిల్లి మీదా ఎలక మీదా పెట్టి మాట్లాడటం అంటాం. అనాల్సినవాళ్లను నేరుగా అనలేక, పక్కనున్నదాన్ని తిట్టడం. ఈ కథలో నిజంగానే పిల్లీ ఉంది, ఎలకా ఉంది. 130 ఏళ్లుగా లోకం ఈ సంగతి సరిగ్గా అలాగే మాట్లాడుతోంది.

ఒక్క పిల్లి కథ ఎవరికి లాభం అని ఆలోచించి చూడండి. లైట్‌హౌస్ కట్టిన శాఖకు లాభం, అడవి కొట్టించిన సంతకాలు ఎవరూ అడగరు. కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ లాభం. పిట్ట తగ్గిపోతోందని తెలిసే కొద్దీ ధర పెరిగింది, ధర పెరిగే కొద్దీ వెతుకులాట పెరిగింది, అది కథలోకి రాదు. ఈ స్థానిక పక్షులు ఎలాగూ పోయేవే కాబట్టి పోకముందే సేకరించి పెట్టుకోవాలన్నది బుల్లర్ సిద్ధాంతం. చావు ఖాయమని నమ్మిన వైద్యుడు మందు మానేసి ఫొటో తీసుకున్నట్టుంటుంది అది. చదివేవాళ్లకు కూడా లాభమే. నాలాంటివాడికి నాలుగు వాక్యాల్లో చెప్పుకోవడానికి వీలైన ముద్దాయి దొరికింది. దీపం, అడవి, పశువులు, ధర, ఎలకలు అంటూ చెబితే మీటింగులో ఎవరు వింటారు?

పిల్లిని వెనకేసుకొస్తున్నాననుకోకండి. దక్షిణ హిందూ మహాసముద్రంలో మారియన్ అనే దీవి ఉంది. 1949లో అక్కడి వాతావరణ కేంద్రంలో ఎలకల బెడద తీర్చడానికి దక్షిణాఫ్రికా వాళ్లు 5 పిల్లుల్ని తీసుకెళ్లారు. 1970ల నాటికి అవి 2,000 దాటాయి. ఏడాదికి నాలుగు లక్షలకు పైగా సముద్రపక్షుల్ని చంపుతున్నాయని లెక్క తేలింది. వాటిని పూర్తిగా తీసేయడానికి 1991 దాకా పట్టింది. పిల్లి వేటగత్తె, అందులో రెండో మాట లేదు. పరిగెత్తేదాన్ని చూస్తే దూకుతుంది. ఆకలి ఉన్నా లేకున్నా. కానీ ఆ అయిదు పిల్లులూ టికెట్ కొనుక్కుని పడవెక్కలేదు కదా. ఉద్యోగం ఇచ్చి తీసుకెళ్లారు. చేసిన పని మరీ ఎక్కువ బాగా చేశాయని తర్వాత కాల్చారు.

బతికున్న ఆ పిట్ట గురించి మనకు తెలిసింది దాదాపు లయల్ చెప్పిన నాలుగు ముక్కలే. ప్రాణాలతో ఉండగా రెండుసార్లే చూశాడట. రాళ్ల సందుల్లో ఎలకలాగా పరిగెత్తిందనీ, అస్సలు ఎగరలేదనీ చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. కర్రతోనో రాయితోనో కొడదామంటే అందేంత దగ్గరికి రానివ్వలేదని. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాన్ని ప్రేమగా చూసిన ఒక్క మనిషి, చేతిలో రాయి. ఆయన్ను తిట్టాలనిపించలేదు. ఆ రోజుల్లో పక్షిని తెలుసుకోవడమంటే పక్షిని చంపి చేతిలోకి తీసుకోవడమే. ఎలకలా పరిగెత్తిన దాన్ని పిల్లి ఎలకే అనుకుని ఉంటుంది పాపం. ఎలకలే లేని దీవి మీద.

ఇప్పుడు తకాపౌరేవా రక్షిత ప్రాంతం. 1989లో దీపాన్ని ఆటోమేటిక్ చేశారు, కాపలాదారుల అవసరం పోయింది. నరికిన చోట మళ్లీ చెట్లు నాటుతున్నారు. టువటారాలు ప్రపంచంలో అన్ని చోట్లకంటే అక్కడే ఎక్కువ, 30,000కు తక్కువ ఉండవు. కొండ కొసన ఒక రాళ్లగుట్టలో చిన్న కప్పలు కూడా బతికి బయటపడ్డాయి.

మొన్న గ్రూపులో నా తప్పు ఒప్పుకుంటూ ఇదంతా కుదించి పెట్టాను. ఇద్దరు బొటనవేలు పెట్టారు. ఒకాయన "అంకుల్, ఇంతకీ పిల్లి సంగతి ఏం చేద్దాం?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆపరేషన్ చేయించి వదిలేద్దామన్నాను, ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. పెద్దావిడ సగం ఇస్తానంది. పిల్లల్లో రెండింటిని వాచ్‌మన్ చెల్లెలు ఊరికి తీసుకెళ్లింది.

ఆవిడ నూకల మాట మాత్రం వదల్లేదు నన్ను. పాత ఫోనులో ఈ స్థలం ఫొటోలు వెతికాను. అప్పుడిక్కడ పెంకుటిల్లు, రెండు మామిడి చెట్లు, ఒక సపోటా, గోడ వెంట దట్టంగా గోరింట. ఒక ఫొటోలో సపోటా కొమ్మ మీద ఏవో మూడు పిట్టలున్నాయి, మసకగా, ఏవో పోల్చుకోలేం. బిల్డర్‌కు అడ్వాన్స్ చెక్కు ఇచ్చిన రోజు తీసిన ఫొటో అది. మే నెల, ఎండ మండిపోతోంది. కారు వేడెక్కకుండా మామిడి చెట్టు కిందే పెట్టాను, ఫొటోలో సగం కనబడుతోంది.